ఉత్తరానికి అరవై నాలుగు, దక్షిణానికి పదిహేడు

402వ రోజు

నేను అశక్తత భృతికి అర్జీ పెట్టుకుని ఇవాళ్టికి నాలుగు వందల రెండు రోజులు. ఇరవై రెండేళ్ళు అద్దాల బయల్లో వరుసల మేస్త్రిగా రిజిస్టరు రాసినదాన్ని. ఏ వరుస ఎవరు తుడిచారు, ఏ అద్దం పగిలింది, ఎండకు ఎవరు పడిపోయారు, అన్నీ రాసేదాన్ని. పని పోయినా చెయ్యి ఊరుకోవడం లేదు. అందుకని ఇప్పుడు నా ఎదురుచూపుకే రిజిస్టరు పెట్టాను.

అశక్తత విచారణ మండలి కార్యాలయానికి వెళ్ళొచ్చాను. తెల్లచూపు ఉన్నవాళ్ళు ఎండెక్కాక నడవలేరని మండలికి బాగా తెలుసు. కాబట్టి పది గంటలకు తెరుస్తారు.

కరెంటు పుట్టించడానికి తొమ్మిది వందల వరుసల అద్దాలు ఎండను పట్టి నడిమి స్తంభం మీదికి విసురుతుంటాయి. తుడిచే యంత్రాలను తెచ్చారు గాని అవి దుమ్ముకు ఆగిపోయాయి. మనుషులు ఆగరు. ఆ అద్దాల మధ్య పదిహేనేళ్ళు తిరిగితే తెల్లచూపు వస్తుంది. చీకటి గదిలో సూదికి దారం ఎక్కించగలను. ఎండలోకి వస్తే లోకమంతా సున్నం కొట్టిన గోడ.

కార్యాలయం తెర మీద ఎప్పటి లెక్కే ఉంది. దక్షిణ విభాగం: నిరీక్షణ ఇరవై ఆరు నెలలు, మంజూరు నూటికి పదిహేడు. ఉత్తర విభాగం: నిరీక్షణ అయిదు నెలలు, మంజూరు నూటికి అరవై నాలుగు. ఈ రెండు విభాగాల మధ్య ఉన్నది 450వ వరుసకూ 451వ వరుసకూ నడుమ బండ్లు పోయే దారి. అంతే.

"ఏంటికి నాయనా ఇంత తేడా?" అని గుమాస్తా ఫణీంద్రను అడిగాను.

"నిపుణులు రిపోర్టు రాసినారమ్మా. మీ దక్షిణమోళ్ళు గట్టోళ్ళంట. అంత బెరీన అశక్తులు కారంట" అన్నాడు. పాపం, పొగుడుతున్నాననే అనుకున్నాడు.

దారి దాటగానే కళ్ళు రాతివైపోతాయి కాబోలు. కళ్ళకు నల్లగుడ్డ కట్టుకుని, కంచె తీగ పట్టుకుని ఇంటిదాకా రెండు కిలోమీటర్లు రెండు గంటలు నడిచాను. మధ్యలో ఎవరి పెరట్లోకో పోతే, ఆ ఇంటావిడ భుజాలు పట్టుకుని నన్ను మళ్ళీ దారికేసి తిప్పింది.

409వ రోజు

పొద్దు వాలాక మాబున్ని వచ్చింది. ఉత్తర కాలనీలో ఉంటుంది. నా కింద పదహారేళ్ళు, దారికి ఇటూ అటూ ఉన్న ఆరు వరుసలు తుడిచిన మనిషి. ఇద్దరికీ ఒకే వేసవిలో తెల్లచూపు ముదిరింది. ఒకే వారంలో పని మానిపించారు, ఒకే వారంలో అర్జీలు పెట్టాం. తనకు నాలుగున్నర నెలల్లో భృతి మంజూరైంది. ఆ విచారణ ఎలా జరిగిందో నేను ఇన్నాళ్ళూ అడగలేదు. అది అసూయే. ఇవాళ చెనిక్కాయలు ఒలుచుకుంటూ అడిగాను.

"ఏముందక్కా, పది నిమిషాలు గూడా పట్టల్యా. వాళ్ళకి ఆపీసు యాడుంది? రేకుల వసారా. మిట్టమద్దేనం పిలిచినారు. విరూపాక్షప్ప సారు చేతికేందో ఇచ్చి సదవమన్యాడు. అది కాగితమో రొట్టో తెలిస్తే గదా నాకు! కుర్చీలో కూకోమంటే కుర్చీ పక్కన కూలబడితి. సాలు, పో అన్యాడు."

నా చెయ్యి ఆగిపోయింది. నా ప్రాథమిక పరీక్ష దక్షిణ విభాగపు హాల్లో జరిగింది. కిటికీల్లేవు. చల్లటి గాలి, వెన్నెలంత దీపం, గోడ మీద అక్షరాల పట్టిక. ఏడు వరుసలూ గడగడా చదివేశాను. కడపటి వరుసలో చీమ తలకాయంత అక్షరాలు కూడా వదల్లేదు. పరీక్ష చేసే అమ్మాయి "భేష్" అంటే పొంగిపోయి, మళ్ళీ చదవమంటారా అని అడిగాను కూడా.

"మాబున్నీ, నీకు ఎండలో పెట్టినారు పరీక్ష. మాకు చీకట్లో పెడతాండారు."

"అంతేనా?"

"అంతే."

ఇద్దరం పగలబడి నవ్వాం. ఈ తేడా ఎందుకో తేల్చడానికి మండలి పదకొండేళ్ళుగా ముగ్గురు నిపుణులను పోషిస్తోంది. వాళ్ళు మా తిండి పరీక్షించారు, నీళ్ళు పరీక్షించారు, మా తాతల ఎత్తు అడిగారు. విచారణ జరిగే గదుల్లోకి మాత్రం తొంగి చూడలేదు.

415వ రోజు

వినతిపత్రం రాశాను. రెండు కాగితాలు. పదకొండేళ్ళ మంజూరు లెక్కలు, నిరీక్షణ లెక్కలు, అన్నీ మండలి వేసిన పుస్తకాల్లోంచే తీశాను. అంత బాగా నేనెప్పుడూ రాయలేదు. చివర్లో "ఈ ప్రాంతీయ అసమానతను తొలగించి, రెండు విభాగాలలోనూ ఒకే విధమైన పరీక్ష జరుపవలసినదిగా ప్రార్థన" అని ముగించాను.

పంపేశాక వెళ్ళి మాబున్నికి చెప్పాను. ఆమెకు నచ్చలేదు.

"వాళ్ళను కదిలియ్యకుండా ఉండాల్సిందక్కా. యాడున్నోళ్ళను ఆడ ఉండనియ్యాల."

"నీకు వచ్చింది గాబట్టి అట్లంటాండావు."

ఆమె నాకు టీ పోసి, లోపలికి వెళ్ళిపోయింది.

488వ రోజు

జవాబు వచ్చింది. అసమానతను మండలి దృష్టికి తెచ్చినందుకు కృతజ్ఞతలట. సంఘం వేశారట. చర్య తీసుకుంటారట. నేను ఆ కాగితాన్ని గోడకు అంటించాను. ఇరవై రెండేళ్ళ చాకిరీలో నన్ను "శ్రీమతి సుంకులమ్మ గారు" అన్నది ఈ ఒక్క కాగితమే.

561వ రోజు

చర్య తీసుకున్నారు.

అద్దాల విడిభాగాలు దాచే పాత గోదామును బాగుచేసి ఉత్తర విభాగానికి విచారణ హాలు చేశారు. చల్లగాలి యంత్రం, వెన్నెల దీపం, అక్షరాల పట్టిక, అన్నీ పెట్టారు. గోదాముకు పడమటి గోడలో ఒక పెద్ద కిటికీ ఉంటే దానికి మందపాటి పరదా కట్టారు. రేకుల వసారా పీకేశారు. విరూపాక్షప్పను విచారణల నుంచి తప్పించారు.

ఈ నెల తెర మీద లెక్క: దక్షిణానికి పదిహేడు, ఉత్తరానికి పంతొమ్మిది. కింద పచ్చటి అక్షరాల్లో "ప్రాంతీయ అసమానత తొలగించబడినది" అని వేశారు. దక్షిణం అరవై నాలుగుకు ఎక్కుతుందని ఆశపడిన నా అంత మూర్ఖురాలు ఈ తొమ్మిది వందల వరుసల్లో లేదు. ఎండలో పరీక్ష పెట్టండి అని ప్రార్థనలో ఒక్క మాట రాయలేదు నేను. అది వాళ్ళకే తడుతుందనుకున్నాను. ఒకే విధంగా ఉండాలన్నాను, ఒకే విధంగా చేశారు.

ఉత్తర్వులో మొదటి వాక్యం: "శ్రీమతి సుంకులమ్మ గారి వినతి మేరకు."

566వ రోజు

గత ఆరేళ్ళలో ఉత్తరంలో భృతి మంజూరైన రెండు వందల పన్నెండు మందికీ పునర్విచారణ నోటీసులు పంపారు. అందులో మాబున్ని ఒకతె. పొద్దు వాలగానే వెళ్ళాను. గడప బయటే నిలబెట్టింది.

"నేనేం పాపం జేస్తినక్కా నీకు?"

"మాబున్నీ, నేను అట్ల రాయల్యా…"

"నువ్వెట్ల రాస్తివో నాకేంటికి? నీ పేరుంది దాంట్ల. వీధిలో అందరూ నన్నడుగుతాండారు, మీ మేస్త్రమ్మ ఏంటికిట్ల జేసిందని. ఏం జెప్పల్ల? నా మీద కడుపు మంటెత్తి రాసిందని చెప్పల్లా?"

పునర్విచారణలో ఓడిన వాళ్ళ చేతికి "పనికి అర్హులు" అన్న కాగితం ఇచ్చి, అదే వరుసల్లోకి తిరిగి పంపుతారు. ఎండలో ఏమీ కనపడని మనిషిని, వాటంతట అవే తిరిగే అద్దాల మధ్యకి.

584వ రోజు

మొదటి పునర్విచారణ గంగులప్పది. యాభై ఎనిమిదేళ్ళవాడు, నోట్లో మాట కూడా మెత్తగా ఉండే మనిషి. చీకటి హాల్లో అయిదు వరుసలు చదివాడట. పనికి అర్హుడన్నారు. మూడో రోజు మధ్యాహ్నం అద్దం తిరిగి భుజం మీద పడింది. మెడ కింది కంటె ఎముక రెండు ముక్కలైంది.

మండలి వెంటనే స్పందించింది. భుజానికి వేరే అర్జీ పెట్టుకోమంది.

590వ రోజు

విరూపాక్షప్ప ఇంటికి వెళ్ళాను. దయగల మనిషి కదా, దారి చూపిస్తాడనుకున్నాను. ముందుగదిలో పెట్టెలు సర్దుకుంటూ కనిపించాడు. నేనెవరో చెప్పగానే నవ్వాడు.

"నువ్వేనామ్మా! నీ పుణ్యమా అని హాలొచ్చింది. ఏమి లాభం, దాంట్ల కూకునే రాత నాకు ల్యాకపాయె. హాలు కట్టియ్యండి సామీ అని పదకొండేండ్లు రాస్తి నేను. ఆ రేకుల కింద సచ్చిపోతి ఎండకు."

"మీరు ఎండలో పరీక్ష పెట్టింది మా మీద దయతో అనుకుంటి సార్."

"దయ ఏందమ్మా, హాలు ల్యాదు గాబట్టి. కండ్ల ముందర మనిషి కుర్చీ కనపడక కింద పడతాంటే, పడలేదని రాయల్లా? నాకంత తెలివి ల్యాదు."

నేను లేవబోతుంటే ఆయన కొత్త హాలును తిట్టడం మొదలుపెట్టాడు. నిబంధనల పుస్తకంలో దీపం వెలుతురు కొలతతో సహా రాశారట. పరీక్ష మధ్యలో ఆ వెలుతురు మారిందంటే పరీక్ష చెల్లదట, మళ్ళీ వాయిదా వేయాల్సిందేనట. "గాలికి ఆ పరదా కొంచెం తొలిగినా సాలు, పనంతా గంగపాలే. నేనుంటే గోడ కట్టిచ్చి ఉందును" అన్నాడు.

"పునర్విచారణ వాయిదా పడితే భృతి ఏమవుతాది సార్?"

"ఏమీ గాదు. తుది నిర్ణయం వచ్చేదాంక ఆపగూడదు. అది ముప్పై ఒకటో నిబంధన."

నేను మళ్ళీ కూర్చుని, ఆయన పెట్టెలన్నీ సర్దిపెట్టి వచ్చాను.

598వ రోజు

పునర్విచారణకు వచ్చేవాళ్ళు తోడు తెచ్చుకోవచ్చు. మాబున్నికి తోడుగా వస్తానన్నాను. "ఇంగ నువ్వు చెరిపేదేముందిలే, రా" అంది.

మధ్యాహ్నం మూడు గంటలకు పిలిచారు. ఒకరి కొంగు ఒకరం పట్టుకుని గోడల వెంబడి వెళ్ళాం. హాల్లోకి అడుగు పెట్టగానే అన్నీ స్పష్టంగా కనిపించాయి. కొత్త అధికారి శశిభూషణ్, ఇస్త్రీ మడతలు నలగని చొక్కా, ఆయన వెనక గోడకు అక్షరాల పట్టిక, పడమట పరదా, పరదా పక్కన వేలాడే తాడు.

"చదవండమ్మా" అన్నాడు.

మాబున్ని నా వైపు చూసింది. ఆమె అబద్ధం ఆడలేదు. కనిపిస్తున్నదాన్ని కనిపించడం లేదనమని నేనూ చెప్పలేదు. లేచి వెళ్ళి తాడు లాగాను.

హాలు తెల్లబడిపోయింది. నాకు చేతిలో తాడు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఏయ్! ఏం చేస్తున్నారు? పరదా ముట్టుకోకూడదు!" శశిభూషణ్ కుర్చీ కిర్రుమంది.

"సార్, ఇప్పుడు సదవమంటారా?" అంది మాబున్ని. ఆమె గొంతు పట్టిక వైపు కాక, తలుపు వైపు తిరిగి ఉంది. "యాడుండాది సార్ గోడ?"

ఆయన అడుగుల చప్పుడు మా దాకా వచ్చి ఆగింది. మాబున్ని మొహం ముందు చెయ్యి ఆడించి ఉంటాడు. తర్వాత పరదా మూశాడు. మళ్ళీ కనిపించినప్పుడు ఆయన మా ఇద్దరినీ చూస్తున్నాడు గాని, అంతకు ముందు చూసినట్టు కాదు.

"వెలుతురు మారింది. ఈ పరీక్ష చెల్లదు" అని నెమ్మదిగా రాసుకున్నాడు. "పద్నాలుగు నెలల తర్వాత వాయిదా. అందాకా భృతి ఆగదు. వెళ్ళి రండి." మేము తలుపు దాకా వచ్చాక, "ఈ తాడు కట్టేసి పెట్టమని నిబంధనల్లో ఎక్కడా లేదు" అన్నాడు, ఎవరితోనూ కానట్టు.

640వ రోజు

ఉత్తర హాలు ముందు చింతచెట్టు నీడలో కూర్చోవడం నా కొత్త ఉద్యోగం. లోపలికి వెళ్ళేవాళ్ళ తోడుకు, తాడు ఎడమ వైపు ఉంటుందని చెబుతాను. ఇప్పటికి డెబ్బై ముగ్గురికి వాయిదాలు పడ్డాయి. ఇద్దరు మాత్రం మొహమాటపడి చదివేసి, పనికి అర్హులయ్యారు.

ఉత్తరపు నిరీక్షణ అయిదు నెలల నుంచి ఇరవై తొమ్మిదికి చేరింది. నన్ను ఇన్నేళ్ళు నంజుకు తిన్న ఆలస్యం ఇప్పుడు వీళ్ళకు గొడుగు పడుతోంది. నాకు మాత్రం పట్టదు. నాది కొత్త అర్జీ. నా పరీక్ష చెల్లకపోతే చెల్లకపోవడమే, పైసా రాదు. పైగా దక్షిణ హాలుకు లాగడానికి కిటికీయే లేదు.

ఇది రాస్తుండగానే తట్టింది. కిటికీ లేదు!

643వ రోజు

రెండో వినతి. ఈసారి అర కాగితం. "ఉత్తర విభాగపు హాలుకు కిటికీ కలదు. దక్షిణ విభాగపు హాలుకు లేదు. ఇది ప్రాంతీయ అసమానత. మండలివారి సమానత్వ ఉత్తర్వు ప్రకారం రెండు హాళ్ళూ ఒకే విధంగా ఉండవలెను."

ఫణీంద్ర చదివి, నన్ను చూసి, మళ్ళీ చదివాడు. "కిటికీ ఏంటికమ్మా?"

"గట్టోళ్ళం గదా నాయనా, గాలి ఎక్కువ కావల్ల."

ముద్ర కొట్టి తీసుకున్నాడు.

758వ రోజు

దక్షిణ హాలు పడమటి గోడకు కిటికీ కొట్టారు. కొలతలు ఉత్తరపు కిటికీతో వేలెడు తేడా లేకుండా సరిపోయాయట. మండలి అంత శ్రద్ధగా చేసిన పని నేను చూడలేదు. కిటికీ వెలుతురు పడుతుంది గనక దక్షిణ హాలుకు దీపం కొలతలు కూడా తిరగరాసి, "హాలులో ఉన్న వెలుతురులో" అన్నారు. పరదా మాత్రం రాలేదు. కిటికీ ఒక శాఖ, పరదా ఇంకొక శాఖ. పరదాకు టెండరు పిలవాలట.

ఈ మాట ఫణీంద్ర తనంతట తానే నడిచి వచ్చి చెప్పాడు. "రెండు నెలలన్నా పడుతాదమ్మా. నీ విచారణ పదమూడు రోజుల్లో ఉంది. మద్దేనం పూట వేయిచ్చినా" అని, వెళ్ళబోతూ, "మా నాయన గూడా వరుసల్లో తిరిగినోడే" అన్నాడు.

771వ రోజు

ఇవాళ నా విచారణ. అధికారిణి పేరు మాధురీలత. గొంతు బట్టి చిన్నపిల్ల. ఆమెను నేను చూడలేదు. హాలంతా తెలుపే.

"ఈ కాగితం చదవండి" అంటూ చేతిలో పెట్టింది. తడిమాను. కాగితమే. తలకిందులుగా పట్టుకున్నానో తిన్నగా పట్టుకున్నానో తెలియదు.

"కనపళ్ళేదమ్మా."

"ప్రాథమిక పరీక్షలో మీరు ఏడు వరుసలూ చదివారని ఉంది."

"చదివినా. భేష్ అనిపించుకుంటి గూడా. అప్పుడు కిటికీ ల్యాదు."

ఆమె కాసేపు కాగితాలు తిప్పింది. ఎన్నేళ్ళు పని చేశావు, ఏ వరుసలు అని అడిగింది. చెప్పాను. "ఇన్నాళ్ళూ నేను ఈ హాల్లో నూరింటికి ఎనభైకి పైగా తిప్పి పంపానమ్మా" అంది. నన్ను ఏదో ఒకటి అనమన్నట్టుంది ఆ గొంతు. తిట్టడానికి ఏడాదిగా కూడబెట్టుకున్న మాటలన్నీ నాలుక చివర ఉన్నాయి. ఆ పిల్ల ముక్కు ఎగబీల్చడం వినపడి ఊరుకున్నాను.

మంజూరు చేసింది.

బయట మాబున్ని ఉంది. చెబితే, నా మొహం తడిమి చూసి, "ఏడుస్తాండావా నవ్వుతాండావా, నాకు కనపడల్యా" అంది. నాకూ తెలియలేదు.

790వ రోజు

ఫణీంద్ర వరుసగా మధ్యాహ్నాల్లోనే విచారణలు వేస్తున్నాడు. ఈ నెల దక్షిణంలో నూటికి తొంభై మూడు మంజూరయ్యాయి. మండలి కలవరపడి నిపుణులను మళ్ళీ పిలిపించింది. దక్షిణ ప్రజల ఆరోగ్యం నెల రోజుల్లో ఇంతగా ఎందుకు క్షీణించిందో పరిశోధిస్తారట. నిన్న నా బావి నీళ్ళు సీసాలో పట్టుకుపోయారు.

828వ రోజు

పరదా వచ్చింది. పొద్దున్నే బిగించారు. దక్షిణంలో తాడు కూడా లేదు, గోడకు మేకులతో కొట్టేశారు.

ఈ రెండు నెలల్లో యాభై రెండు మంది గట్టెక్కారు. ఇంకా నూట ముప్పై మంది వరసలో ఉన్నారు. రేపటి విచారణ నాగమునెమ్మది. ఆమె ఇందాక నా ఇంటికి వచ్చి, "ఒక్క దినం ముందర పిలిచి ఉంటే ఏం పాయె వాళ్ళకు" అని ఒకే మాట నాలుగుసార్లు అని వెళ్ళింది. నా భృతి కాగితం గోడ మీదుంది. దాని వంక చూడబుద్ధి కాలేదు.

పొద్దు వాలాక మూడో వినతి మొదలుపెట్టాను. మాబున్ని వచ్చి పక్కన కూర్చుంది. నేను రాస్తుంటే కాసేపు చూసి, కాగితం మీద చెయ్యి పెట్టింది.

"ఏమడుగుతాండావో తరువాత చూస్తాం. అది చదివి వాళ్ళేం జేస్తారో చెప్పు ముందు."

పెన్ను కింద పెట్టి ఆలోచించాను. పరదా తీసేయమంటే ఉత్తరంలోనూ తీసేస్తారు, అక్కడ వాయిదాలు ఆగి అందరికీ ఎండలోనే విచారణ జరుగుతుంది, అది మంచిదే. కాని కిటికీలు రెండూ మూసేసినా సమానమే కదా. ఆ మాటే పైకి అన్నాను.

"ఆఁ, అదీ" అంది మాబున్ని. "ఎండలో అని రాయి. పెద్దచ్చరాలతో రాయి. మిట్టమద్దేనం అని రాయి. గంట గూడా రాయి. రాసినంక నాకు సదివి ఇనిపీ. నేను సరే అన్నంకనే పంపాల."

కొత్త కాగితం తీసుకున్నాను. మాబున్ని దీపం వత్తి తగ్గించింది, నాకు ఇంకా బాగా కనిపించాలని.